లెక్కల పరీక్షకు సాధన: గ్రామ పంచాయతీ చేయదగిన సాయము

పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడిన దినమున మన గ్రామములలోని హైస్కూలు ముంగిట కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక సంగతి తేటతెల్లమగును. తప్పిన పిల్లలను ఏ సబ్జెక్టులో తప్పితిరని అడిగినచో పలువురి నోట వచ్చు మాట "లెక్కలు" అనునదే. తెలుగులోను, సాంఘికశాస్త్రములోను చక్కని మార్కులు తెచ్చుకొన్న బాలిక లెక్కలలో 28 మార్కుల వద్ద ఆగిపోయి, ఇంటికి వచ్చి తలుపు చాటున కూర్చుండును. ఉత్తీర్ణతకు నూటికి 35 మార్కులు కావలెను. ఆ 7 మార్కుల లోటుతో చదువునకు స్వస్తి చెప్పు పిల్లలు నేటికిని మన పల్లెలలో ఉన్నారు. మగపిల్లవాడైనచో ఏ ట్రాక్టరు పనికో, పట్టణములోని ఏ దుకాణమునకో పోవును. ఆడపిల్లయైనచో ఇంటిలో పెండ్లి మాటలు మొదలగును. 18 సంవత్సరములు నిండక మునుపు ఆడపిల్లకు పెండ్లి చేయుట 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము నేరమని తెలిసియు, "చదువు ఆగిపోయినది గదా, ఇంట ఉంచి ఏమి చేయుదుము?" అను తల్లిదండ్రులు ఉందురు. ఆ మాటకు తావు లేకుండ చేయుటకు తగిన మార్గములలో ఒకటి, ఆ బాలిక లెక్కల పరీక్షను గట్టెక్కునట్లు చూచుట.

ఇది ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు చూచుకొనవలసిన విషయము, పంచాయతీకి ఇందులో పని ఏమున్నదని కొందరు సభ్యులు తలంపవచ్చును. 1992లో పార్లమెంటు ఆమోదించి, 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా రాజ్యాంగమునకు 11వ షెడ్యూలు చేర్చబడినది. పంచాయతీలకు అప్పగింపదగినవిగా అందు పేర్కొనబడిన 29 విషయములలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య ఒకటి, గ్రంథాలయములు మరియొకటి. ఉపాధ్యాయులను నియమించుట, పాఠ్యప్రణాళికను నిర్ణయించుట గ్రామ పంచాయతీ చేతిలోని పనులు కావు. అయినను బడి గంట మ్రోగిన తరువాత పిల్లవాడు ఎచ్చట కూర్చుండి చదువుకొనును, వానికి దీపము కలదా, చుట్టును నిశ్శబ్దము కలదా, సాధనకు కాగితములు కలవా అను విషయములు గ్రామము చేతిలోనివే. లెక్కలు సాధన వలన వచ్చు విద్య గనుక, ఈ చిన్న విషయములే తుదకు పెద్దవగుచున్నవి.

చూచి వ్రాయుట వేరు, చేయుట వేరు

ఈ వ్యాసకర్త ఒకసారి పర్యటనలో ఒక వార్డు సభ్యుని ఇంట అరుగు మీద కూర్చుండగా, ఆయన తన కుమార్తె లెక్కల నోటు పుస్తకమును తెచ్చి చూపినారు. ముత్యముల వంటి అక్షరములు. గీతలు కొట్టిన పుటలు. ఒక్క కొట్టివేత లేదు. "రాత్రి పదింటి దాక వ్రాయుచునే యుండునండీ. అయినను పరీక్షలో మార్కులు రావు. దాని నుదుట లెక్కలు వ్రాసి లేవేమో" అని ఆయన విచారపడినారు. ఆ పుస్తకములోనే ఒక లెక్కను ఎన్నుకొని, ప్రశ్న మాత్రము వేరు కాగితము మీద వ్రాసి, "అమ్మా, దీనిని చేయుము" అని ఇచ్చితిమి. ఆ బాలిక ప్రశ్నను రెండుసార్లు చదివి, కలము పట్టుకొని కూర్చుండిపోయినది. మొదటి మెట్టు కూడ తోచలేదు. ఆమె ఆ లెక్కను మూడుసార్లు వ్రాసినది; ఒక్కసారియు చేయలేదు. గైడు ముందు పెట్టుకొని, అందున్నది ఉన్నట్లు ఎక్కించుకొన్నది.

నుదుటి వ్రాతకును దీనికిని సంబంధము లేదు. గట్టున కూర్చుండి ఎన్నాళ్లు చూచినను ఈత రాదు. గైడులోని సాధన చూచునపుడు ప్రతి మెట్టును సులభముగనే తోచును. "ఇది నాకు తెలియును" అను భ్రమ కలుగును. పరీక్షా మందిరములో గైడు ఉండదు గనుక ఆ భ్రమ అచ్చట తొలగిపోవును. కొత్త రకపు లెక్కను నేర్చుకొను మొదటి దినమున మాస్టారు చేసిన మాదిరి లెక్కలను రెండు మూడింటిని శ్రద్ధగా చదువుట మంచిదే, అవసరమే. ఆ తరువాత పుస్తకము మూయవలెను. అదే లెక్కను తెల్లకాగితము మీద మొదటి నుండి తుద వరకు స్వయముగా చేయవలెను. ఆగిపోయిన చోట పుస్తకము తెరచి, ఆ ఒక్క మెట్టు మాత్రము చూచి, మరల మూయవలెను. ఈ విధముగా చేసినది సాధన.

ఇందులో తల్లిదండ్రులకు ఒక సౌకర్యము కలదు. చదువు రాని తల్లియు ఈ పరీక్ష పెట్టవచ్చును. "పుస్తకము మూసి చేసి చూపుము" అనుటకు లెక్కలు వచ్చి యుండనక్కరలేదు. పిల్ల ఆగకుండ చేయుచున్నదా, మాటిమాటికి పుస్తకము తెరచుచున్నదా అని కనిపెట్టుటకు రెండు కన్నులు చాలును.

ఒక లెక్కను సాధించు క్రమము

హంగరీ దేశములో జన్మించి అమెరికాలో ఆచార్యుడుగా పనిచేసిన జార్జి పోల్యా అను గణితశాస్త్రవేత్త, లెక్కలు సాధించు విధమును గురించి 1945లో ఒక పుస్తకమును వెలువరించినాడు. ఆయన చెప్పిన మెట్లు నాలుగు: ప్రశ్నను గ్రహించుట, ఉపాయమును ఆలోచించుట, ఆ ఉపాయమును అమలుజరుపుట, వచ్చిన జవాబును వెనుదిరిగి పరిశీలించుట. మన పిల్లలలో పెక్కుమంది మొదటి రెండు మెట్లను విడిచి, నేరుగా మూడవదానిపై కాలు మోపుదురు. నాలుగవ మెట్టు వారికి జ్ఞాపకమే రాదు.

ఒక ఉదాహరణము. దీర్ఘచతురస్రాకారపు స్థలమొకటి కలదు. దాని పొడవు వెడల్పు కంటె 5 మీటర్లు ఎక్కువ. వైశాల్యము 300 చదరపు మీటర్లు. చుట్టును కంచె వేయుటకు ఎన్ని మీటర్ల తీగె కావలెను?

మొదటి మెట్టు: ఏమి ఇచ్చినారు, ఏమి అడిగినారు అని వ్రాసుకొని బొమ్మ గీయవలెను. అడిగినది కంచె పొడవు, అనగా చుట్టుకొలత. రెండవ మెట్టు: చుట్టుకొలత తెలియుటకు పొడవు, వెడల్పు తెలియవలెను, వెడల్పును x అనుకొన్నచో పొడవు x + 5 అగును, వాని లబ్ధము 300. మూడవ మెట్టు: x² + 5x − 300 = 0 అను వర్గ సమీకరణము వచ్చును. దీనిని (x + 20)(x − 15) = 0 అని విడదీయవచ్చును. కావున x విలువ −20 గాని, 15 గాని కావలెను. వెడల్పు ఋణసంఖ్య కాజాలదు గనుక 15 మాత్రమే గ్రాహ్యము. వెడల్పు 15 మీటర్లు, పొడవు 20 మీటర్లు, చుట్టుకొలత 70 మీటర్లు. నాలుగవ మెట్టు: 15ను 20తో హెచ్చించిన 300 వచ్చుచున్నది, 20 కంటె 15 అయిదు తక్కువ. జవాబు సరియే.

ఇందు పిల్లలు మార్కులు పోగొట్టుకొను తావులు రెండు. −20ని ఏల విడిచిపెట్టితిమో ఒక వాక్యము వ్రాయకుండుట మొదటిది. 15, 20 అని వ్రాసి, అడిగిన చుట్టుకొలతను చెప్పకయే ముగించుట రెండవది. ఈ రెండును తెలివితక్కువ వలన వచ్చిన తప్పులు కావు. వెనుదిరిగి చూచు అలవాటు లేకపోవుట వలన వచ్చినవి. అలవాటు అభ్యాసముతో ఏర్పడును.

తప్పుల పుస్తకము

సాధన చేయు పిల్లవానికి తప్పు వచ్చుట సహజము. దానిని రబ్బరుతో చెరిపివేసి సరియైన జవాబును ఎక్కించుకొన్నచో ఆ తప్పు వలన రావలసిన లాభము పోవును. ప్రతి విద్యార్థియు వేరుగా ఒక చిన్న నోటు పుస్తకము పెట్టుకొని, తాను చేసిన తప్పును, అది ఏ కారణమున వచ్చినదో అందు వ్రాసుకొనవలెను. కారణములు సామాన్యముగా నాలుగు విధములు: ప్రశ్న సరిగా చదువకపోవుట, సూత్రము తెలియకపోవుట, కూడికలు తీసివేతలలో గాని గుర్తులలో గాని పొరబడుట, కొలతల ప్రమాణములు మార్చుట మరచిపోవుట.

పంచాయతీ సభ్యులకు సుపరిచితమైన మట్టిపని నుండి ఒక లెక్కను చూతము. 7 మీటర్ల వ్యాసము గల గుండ్రని బావిని 10 మీటర్ల లోతు త్రవ్వినారు. వచ్చిన మట్టిని 22 మీటర్ల పొడవు, 17.5 మీటర్ల వెడల్పు గల పల్లపు స్థలమున సమముగా పరచినచో ఎంత ఎత్తు పెరుగును? వ్యాసార్ధము 3.5 మీటర్లు. మట్టి ఘనపరిమాణము 22/7 × 3.5 × 3.5 × 10, అనగా 385 ఘనపు మీటర్లు. స్థలము వైశాల్యము 22 × 17.5, అనగా 385 చదరపు మీటర్లు. కావున స్థలము సరిగా 1 మీటరు ఎత్తు పెరుగును.

ఇపుడు విద్యార్థి తొందరపాటున వ్యాసార్ధమునకు బదులు వ్యాసమునే వేసినాడనుకొందము. 22/7 × 7 × 7 × 10 అనగా 1540 ఘనపు మీటర్లు వచ్చును. ఇది నిజమునకు నాలుగు రెట్లు! అట్టి లెక్కతో కంట్రాక్టరు బిల్లు తెచ్చినచో ఏ సర్పంచియు చెల్లింపడు. పరీక్షాధికారియు మార్కులు తగ్గించును. ఈ తప్పును ఒకసారి తన పుస్తకములో వ్రాసుకొని, పక్కన "వ్యాసము ఇచ్చినారా, వ్యాసార్ధము ఇచ్చినారా?" అని ప్రశ్న పెట్టుకొన్న విద్యార్థి మరల ఆ తప్పు చేయుట అరుదు. పరీక్షకు ముందు రాత్రి 300 పుటల పాఠ్యపుస్తకమును త్రిప్పుట కంటె, తన తప్పుల పుస్తకమును అరగంట చదువుట ఎక్కువ ప్రయోజనకరము.

కలగలిపి చేయు సాధన

పాఠ్యపుస్తకములోని ప్రతి అధ్యాయము చివరను అదే రకపు లెక్కలు వరుసగా ఉండును. శంకువు పాఠము చివర ఉన్నవన్నియు శంకువు లెక్కలే అని విద్యార్థికి ముందే తెలియును. ఏ సూత్రము వాడవలెనో ఆలోచింపనక్కరలేదు. అంకెలు మార్చుకొనుచు పోయిన చాలును. పరీక్షలో అట్లు కాదు. ప్రశ్న ఏ పాఠములోనిదో ఎవరును చెప్పరు. దానిని తానే గుర్తింపవలెను.

కళ్లములో శంకువు ఆకారముగా పోసిన ధాన్యపు రాశిని తీసికొందము. అడుగు వ్యాసము 6 మీటర్లు, ఎత్తు 1.4 మీటర్లు. రాశి ఎన్ని ఘనపు మీటర్లు అని అడిగినచో సూత్రము వేరు: 1/3 × 22/7 × 3 × 3 × 1.4, అనగా 13.2 ఘనపు మీటర్లు. వాన వచ్చుచున్నది, రాశిని కప్పుటకు ఎంత పట్టా కావలెను అని అడిగినచో సూత్రము వేరు: అప్పుడు ప్రక్కతల వైశాల్యము కావలెను, దానికి ఏటవాలు ఎత్తును కనుగొనవలెను. రాశి ఒక్కటే, అంకెలు ఒక్కటే. అడిగిన విషయము మారగానే మార్గము మారినది. ఈ వివేచన కలుగుటకు వేర్వేరు పాఠముల లెక్కలను కలగలిపి చేయవలెను.

దీనిని గురించి అమెరికాలోని దక్షిణ ఫ్లారిడా విశ్వవిద్యాలయమునకు చెందిన రోరర్, టేలర్ అను పరిశోధకులు 2007లో ప్రకటించిన ఫలితములు గమనింపదగినవి. కళాశాల విద్యార్థులకు నాలుగు విధముల ఘనాకృతుల పరిమాణములు కనుగొనుట నేర్పి, ఒక జట్టుచే ఒక్కొక్క రకమును వేరువేరుగాను, రెండవ జట్టుచే నాలుగు రకములను కలిపియు సాధన చేయించినారు. సాధన జరుగు సమయమున మొదటి జట్టు నూటికి 89 వంతులు సరిగా చేసినది. కలిపి చేసిన జట్టు 60 వంతులే చేయగలిగినది. వారము దినముల తరువాత పరీక్ష పెట్టగా ఫలితము తలక్రిందులైనది. విడివిడిగా చేసినవారికి 20 వంతులు, కలిపి చేసినవారికి 63 వంతులు వచ్చినవి. సాధనలో సులభముగా సాగినది పరీక్షనాటికి నిలువలేదు. సాధనలో కష్టపెట్టినది నిలిచినది.

కావున కలిపి చేయునపుడు తప్పులు ఎక్కువ వచ్చుచున్నవని పిల్లలు నిరుత్సాహపడరాదు, పెద్దలు మందలింపరాదు. నేర్చుకొన్న పాఠములు నాలుగైదు పూర్తియైన పిమ్మట, ప్రతి దినమును ఆనాటి పాఠములోని మూడు లెక్కలతో పాటు పాత పాఠములలోనివి మూడింటిని చీటీలు వేసి తీసినట్లు తీసి చేయుట మంచి పద్ధతి.

మరపును జయించుట

చదివినది మరచిపోవుట పిల్లవాని దోషము కాదు, మనస్సు స్వభావమే అంత. ఎబ్బింగ్‌హాస్ అను జర్మను శాస్త్రవేత్త ఈ మరపును తనపైననే పరీక్షించుకొని 1885లో ఒక గ్రంథమును ప్రకటించినాడు. నేర్చిన వెంటనే మరపు వేగముగా సాగుననియు, ఎడమిచ్చి మరల మరల చదివినది ఎక్కువ కాలము నిలుచుననియు ఆయన పరిశీలనలు తెలిపినవి. వరిమడికి వారమునకు కావలసిన నీరంతయు ఒక్కనాడే పెట్టిన గట్లు తెగును, తరువాత మడి ఎండును. లెక్కల సాధనయు అంతే. ఆదివారమునాడు ఆరు గంటలు కూర్చుండుట కంటె, దినమునకు ఒక గంట చొప్పున ఆరు దినములు కూర్చుండుట మేలు.

ఈ రోజు స్వయముగా చేయలేకపోయిన లెక్కను రెండు దినముల తరువాత ఒకసారి, వారమునకు ఒకసారి, మూడు వారములకు మరియొకసారి పుస్తకము చూడకుండ చేయవలెను. మూడుసార్లును తప్పు లేకుండ వచ్చినచో ఆ లెక్క ప్రక్కన గుర్తు పెట్టుకొని ముందుకు పోవచ్చును. ఈ క్రమమును దసరా సెలవుల తరువాత మొదలుపెట్టినచో మార్చి నెల నాటికి విద్యార్థి నిబ్బరముగా ఉండును. ఫిబ్రవరి చివర మొదలుపెట్టినచో ఈ ఎడములకు చోటు చాలదు.

కాలము, మార్కులు

పరీక్ష వ్రాయుటలో కాలమును పంచుకొనుట ఒక ముఖ్యాంశము. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో జరిగిన పదవ తరగతి లెక్కల పరీక్షను ఉదాహరణముగా తీసికొందము. ప్రశ్నపత్రము 100 మార్కులకు, 33 ప్రశ్నలతో ఉండెను. ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. తెలంగాణలో అదే సంవత్సరము 80 మార్కులకు వ్రాతపరీక్ష, 20 మార్కులకు పాఠశాలలోని అంతర్గత పరీక్షలు అను పద్ధతి నడిచినది. ఈ నమూనాలు అప్పుడప్పుడు మారుచుండును గనుక, ఏ సంవత్సరము పిల్లలకు ఆ సంవత్సరపు నమూనానే ప్రధానోపాధ్యాయుని వద్ద తెలిసికొనవలెను.

పైన చెప్పిన 100 మార్కుల పత్రమునకు మూడు గంటలు, అనగా 180 నిమిషములు వ్రాతకు లభించునని లెక్కించినచో, ఒక మార్కునకు సుమారు రెండు నిమిషములకు లోపు, ఎనిమిది మార్కుల ప్రశ్నకు సుమారు 14 నిమిషములు వచ్చును. ఒకే లెక్క వద్ద అరగంట పోరాడుట వలన, వచ్చిన ప్రశ్నలను సైతము వ్రాయుటకు సమయము చాలక పోగొట్టుకొన్న పిల్లలు కలరు. తోచని లెక్కకు చోటు విడిచి, ముందుకు సాగి, చివరను దానిని మరల చూడవలెను. పెద్ద ప్రశ్నలకు మెట్లవారీగా మార్కులిచ్చు పద్ధతి కలదు. తుది జవాబు రాకపోయినను బొమ్మ, ఇచ్చిన విషయములు, సూత్రము, ప్రతిక్షేపణము స్పష్టముగా వ్రాసినవారికి కొన్ని మార్కులు దక్కును. ఖాళీ కాగితమునకు ఏమియు దక్కదు.

వెనుకబడిన విద్యార్థికి ఈ లెక్క ధైర్యమునిచ్చును. ఆ నమూనాలో ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కుల ప్రశ్నలు 8 కలిపి 28 మార్కులు. నాలుగు మార్కుల ప్రశ్నలు రెండు సరిగా చేసినచో మొత్తము 36. అన్నియు సరిగా రాకపోవచ్చును. కావున నాలుగు మార్కుల ప్రశ్నలలో మరి రెండు మూడింటికి సిద్ధపడి యుండవలెను. ఏది ఏమైనను, 35 మార్కులు ఎక్కరాని కొండ కాదు. చిన్న ప్రశ్నలు ప్రతి పాఠము నుండియు వచ్చును గనుక, వెనుకబడిన పిల్లవాడు ఏ పాఠమును పూర్తిగా విడిచిపెట్టరాదు. ప్రతి పాఠములోని నిర్వచనములు, సూత్రములు, వానిని నేరుగా వాడు చిన్న లెక్కలు ముందుగా నేర్వవలెను.

మరియొక సంగతి. పదవ తరగతి లెక్కలలో తప్పువారిలో చాలమందికి అసలు లోపము పదవ తరగతిలో ఉండదు. భిన్నములు కూడుట, దశాంశములు భాగించుట, ఋణసంఖ్యలను తీసివేయుట వంటి క్రింది తరగతుల పనులు సరిగా రాకపోవుటయే అందుకు కారణము. పునాది కదలిన ఇంటికి సున్నము కొట్టిన ఏమి లాభము? అట్టి పిల్లలచే ప్రతి దినమును మొదటి పావుగంట ఈ చిన్న లెక్కలే చేయింపవలెను. పదవ తరగతి పిల్లవానికి ఆరవ తరగతి లెక్కలు ఇచ్చుట అవమానమని తలంపరాదు. దానిని నలుగురిలో ఎగతాళి చేయకుండ చూచుట పెద్దల బాధ్యత.

పంచాయతీ చేయదగిన పనులు

ఇక పంచాయతీ పూనుకొని చేయదగిన పనులను చూతము. వీనికి ఎక్కువ ధనము అక్కరలేదు, పూనిక కావలెను.

1. సాయంకాలపు సాధన కేంద్రము. పంచాయతీ కార్యాలయములో గాని, గ్రంథాలయములో గాని, సామాజిక భవనములో గాని సాయంకాలము ఆరు గంటల నుండి ఎనిమిది గంటల వరకు దీపము, ఫ్యాను, నేలపై చాపలు ఏర్పాటు చేసినచో చాలును. ఒంటిగది ఇండ్లలో టెలివిజను మ్రోతల నడుమ చదువలేని పిల్లలకు ఇది పెద్ద ఉపకారము. ఆడపిల్లలు ఇంటికి చేరు వేళకు వీధిదీపములు వెలుగుచున్నవో లేవో సభ్యులే చూడవలెను. వారిని ఇంటి వరకు దిగవిడుచుటకు తల్లులు వంతులు వేసికొనవలెను.

2. పాత ప్రశ్నపత్రములు. గడచిన సంవత్సరములలోని ప్రశ్నపత్రములను, మాదిరి పత్రములను హైస్కూలు మాస్టారి సహాయమున సేకరించి, ప్రతులు తీయించి, ఒక అట్టపెట్టెలో గ్రంథాలయమునందు ఉంచవలెను. పాఠ్యపుస్తకములు మారిన సందర్భమున ఏ లెక్కలు నేటికి పనికివచ్చునో మాస్టారిచే గుర్తు పెట్టించుట అవసరము. జవాబులను వేరొక కవరులో పెట్టి, లెక్క చేసి ముగించిన పిమ్మటనే చూపవలెను.

3. పర్యవేక్షకులు. డిగ్రీ చదివిన యువతీయువకులు ప్రతి గ్రామమునను కొందరైనను ఉందురు. వారిలో ఇద్దరు ముగ్గురిని వంతులవారీగా కేంద్రమున కూర్చుండుమని పంచాయతీ కోరవచ్చును. వారికి ఒక్క నియమము చెప్పవలెను: పిల్లవాడు ఆగినచోట జవాబు చెప్పివేయరాదు. "ఏమి ఇచ్చినారు? ఏమి అడిగినారు? దీనిని పోలిన లెక్క ఇంతకు ముందు చేసితివా?" అని అడుగవలెను. అప్పటికిని తోచనిచో ఒక మెట్టు మాత్రము చూపవలెను.

4. వారమునకు ఒక పరీక్ష. శనివారము సాయంకాలము గంటసేపు కాలము కొలిచి చిన్న పరీక్ష పెట్టి, పిల్లలు తమ కాగితములను తామే దిద్దుకొనునట్లు చేయవలెను. మార్కులను గోడకు అంటింపరాదు. వెనుకబడినవాడు రెండవ వారమునుండి రాకుండ పోవుటకు అది చాలును.

5. నిశ్శబ్దము. రాత్రి పది గంటల నుండి ఉదయము ఆరు గంటల వరకు బహిరంగముగా లౌడుస్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నిషేధించుచున్నవి. పరీక్షల కాలమున అంతకు ముందే మైకులు ఆపునట్లు పెండ్లివారిని, ఉత్సవ సంఘములను సర్పంచి ఒప్పింపవలెను. మంచి మాటతో చెప్పిన గ్రామములో ఎవరును కాదనరు.

6. పనికాలము. మిరపకోతలు, పత్తితీతలు జరుగు దినములలో పిల్లలను బడి మాన్పించి పనికి తీసికొనిపోవుట పలు తావుల కలదు. పదవ తరగతి పిల్లల పేర్ల పట్టిక వార్డు సభ్యుని చేతిలో ఉండవలెను. రెండు దినములు బడికి రాని పిల్ల ఇంటికి మూడవనాడు సభ్యుడు పోయి పలుకరింపవలెను. ఒక్కసారి గుమ్మము ఎక్కి, "అమ్మాయి ఏదమ్మా, బడికి రాలేదట?" అని అడుగుటలో ఉన్న బలము కాగితపు నోటీసులో లేదు.

ఊరిలోని లెక్కలు

లెక్కలను ఊరి పనులతో ముడిపెట్టి చూపుటయు సభ్యులు చేయగల సహాయమే. రెండు మీటర్ల కర్రను నిలువుగా పాతినచో నీడ ఒకటిన్నర మీటరు పడినది. అదే సమయమున కొబ్బరిచెట్టు నీడ 9 మీటర్లు ఉన్నది. చెట్టెక్కకుండ దాని ఎత్తు 12 మీటర్లు అని పిల్లలు చెప్పగలుగుటకు సరూప త్రిభుజముల పాఠము చాలును. పొదుపు సంఘములో ఒక సభ్యురాలు మొదటి నెల 50 రూపాయలు, తరువాత ప్రతి నెలయు 10 రూపాయలు హెచ్చించి కట్టినచో పన్నెండవ నెల 160 రూపాయలు కట్టును. సంవత్సరమునకు మొత్తము (50 + 160) × 6, అనగా 1260 రూపాయలు అగును. ఇదియే అంకశ్రేఢి. తల్లి సంఘపు పుస్తకమును కూతురు ఈ సూత్రముతో సరిచూచిన దినమున ఆ పాఠమునకు అర్థము వచ్చును.

మన జాతికి ఈ సంప్రదాయము కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతములో రచించిన గణితసారసంగ్రహమును పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. లెక్కలను మన భాషలో, మన జీవితములోని వస్తువులతో చెప్పుకొను పరిపాటి మనకు ఇంచుమించు వేయి సంవత్సరముల నాటిది. ఇట్టి జాతిలోని పిల్లలు లెక్కలనిన భయపడుట తగదు.

తప్పినవారిని విడువరాదు

ఎంత చేసినను కొందరు పిల్లలు మార్చి పరీక్షలో తప్పవచ్చును. వారి సంగతియే అందరికంటె ముఖ్యము. ఫలితముల తరువాత స్వల్పకాలమునకే సప్లిమెంటరీ పరీక్షలు జరుగును. అందు ఉత్తీర్ణులైనవారు సంవత్సరము నష్టపోకుండ అదే వేసవి తరువాత పై చదువులకు పోవచ్చును. ఇంటివారి కోపతాపములలో రుసుము కట్టు గడువు దాటిపోవుట, పిల్ల సిగ్గుతో ఇల్లు కదలకుండుట అను రెండు కారణముల వలన ఈ అవకాశము చేజారుచుండును. ఫలితములు వచ్చిన మరునాడే వార్డు సభ్యుడు తప్పిన ప్రతి పిల్ల ఇంటికిని పోయి, సప్లిమెంటరీ గడువు తెలిపి, ప్రధానోపాధ్యాయుని వద్దకు తీసికొనిపోవలెను. సాయంకాలపు కేంద్రమును ఏప్రిల్ నెలలో మూసివేయక, ఈ పిల్లల కొరకు సప్లిమెంటరీ వరకు నడుపవలెను. అప్పటికి వారి తప్పుల పుస్తకములు వారి వద్ద ఉండును. ఎచ్చట లోపమున్నదో తెలిసిన పిల్లకు 7 మార్కులు సంపాదించుటకు ఒక నెల తక్కువ కాలము కాదు.

పరీక్ష తప్పిన పిల్లను నలుగురిలో నిందించుట వలన ఒక్క మార్కును పెరుగదు. పైగా ఆ దినములలో కొందరు పిల్లలు ప్రాణము మీదికి తెచ్చుకొను ఆలోచనలకు లోనగుదురు. ఫలితముల దినమున పిల్లను ఒంటరిగా విడువక, ఇంట ఒక పెద్ద తోడుండి, వేళకు అన్నము పెట్టి, "మరల వ్రాయుదువులే" అని చెప్పుట తల్లిదండ్రుల మొదటి కర్తవ్యము.

మనము పైన చెప్పిన వార్డు సభ్యుని కుమార్తె ఆనాటినుండి గైడును బీరువాపై పెట్టి, తెల్లకాగితము ముందు కూర్చుండుట మొదలుపెట్టినది. మొదటి వారము కొట్టివేతలతో నిండిన ఆ కాగితములను చూచి తండ్రి కలవరపడి, ఆ కొట్టివేతలే చదువని తరువాత గ్రహించినారు. పంచాయతీ తదుపరి సమావేశమున వీథిదీపములు, మురుగుకాలువలు, ఇంటిపన్నులతో పాటు, "మన ఊరిలో ఈ సంవత్సరము పదవ తరగతి చదువువారు ఎందరు? వారు సాయంకాలము ఎచ్చట కూర్చుండి లెక్కలు చేయుచున్నారు?" అను ప్రశ్నను కూడ చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. ఒక గది, ఒక దీపము, ఒక పెట్టెడు ప్రశ్నపత్రములు ఏ పంచాయతీకిని భారము కావు.